ఆన్‌లైన్ సాలగ్రామం సెట్టు: రాయిని చూసి కొనండి, కార్డును చూసి కాదు

పూజా సామగ్రి అమ్మే సైట్లలో "ఒరిజినల్ గండకీ సాలగ్రామం" అని వెతికితే వచ్చే పెట్టెల్లో సరుకు ఇంచుమించు ఒకటే. అరచేతిలో ఇమిడే నల్లరాయి, రాగి పళ్లెం, తులసిపూసల దండ, రెండు మూడు గోమతీ చక్రాలు, చిన్న సీసాలో గండకీ జలం, లామినేషన్ చేసిన సర్టిఫికెట్ కార్డు. ఈ సమీక్ష ఏ ఒక్క దుకాణం గురించీ కాదు, ఆ పెట్టె గురించి. తీర్పు ముందే చెప్పేస్తే మేలు. రాయి అసలుదైతే ఈ సెట్టులో డబ్బు పెట్టదగ్గది అదొక్కటే. కార్డు మీద "సైన్స్ నిరూపించింది" అని ఎన్నిసార్లు రాస్తే అంత అనుమానించాలి.

సాలగ్రామానికి వెల కట్టకూడదన్నది మన ఇళ్లలో పాత మాట. గురువు ఇవ్వాలి, లేదా పెద్దల నుంచి రావాలి, లేదా నేపాల్‌లోని గండకి నదికి వెళ్లి తెచ్చుకోవాలి. అందుకే చాలామంది అమ్మకందార్లు ధర అనరు, దక్షిణ అంటారు, లేదా ప్యాకింగ్ ఖర్చంటారు. ఏ పేరుతో తీసుకున్నా డబ్బు డబ్బే కాబట్టి కొనేవాళ్లకు పరీక్షించే హక్కు ఉంటుంది. "దేవుణ్ణి పరీక్షిస్తారా" అని ఎవరైనా అంటే సంకోచపడొద్దు. సాలగ్రామ లక్షణాలు చెప్పే పాత గ్రంథాలన్నీ పరీక్షా గ్రంథాలే. ఎన్ని ద్వారాలు (రాతిలోకి తెరుచుకున్న రంధ్రాలు), ఎన్ని చక్రాలు (చుట్టలా తిరిగే గుర్తులు), దండలా చుట్టే వనమాల గీత ఉందా, రంగేమిటి అని చూసి పేరు పెట్టమంటాయి. ఒకే ద్వారం, నాలుగు చక్రాలు, వనమాల ఉంటే లక్ష్మీనారాయణం. అన్నీ ఉండి వనమాల లేకపోతే లక్ష్మీజనార్దనం. ఇంత నిశితంగా చూడమన్న సంప్రదాయం కళ్లు మూసుకుని కొనమనదు.

ఇంతకీ ఆ చక్రం ఏమిటి? అది అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల. చూడ్డానికి నత్తగుల్లలా ఉంటుంది కానీ ఆ జీవి స్క్విడ్, ఆక్టోపస్‌ల చుట్టం. ఈ వంశం సుమారు 40 కోట్ల ఏళ్ల కిందట మొదలై, 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లు పోయిన కాలంలోనే అంతరించింది. గండకిలో దొరికే చక్రాల్లో ఎక్కువ భాగం స్పీతి షేల్ అనే నల్లటి పొరల నుంచి వస్తాయి. అవి జురాసిక్ యుగం చివర, క్రెటేషియస్ మొదట్లో, ఇంచుమించు 16 కోట్ల నుంచి 13 కోట్ల ఏళ్ల కిందట, అప్పట్లో భారత్‌కూ ఆసియాకూ మధ్య ఉన్న టెథిస్ సముద్రం అడుగున పేరుకున్న బురద. జీవి చచ్చి బురదలో పడింది. మెత్తటి ఒళ్లు కుళ్లే చోట నీటి రసాయనం మారి, కరిగి ఉన్న ఖనిజాలు గుల్ల చుట్టూ గట్టిపడ్డాయి. చుట్టూ ఉన్న బురద పలకరాయి అయింది, మధ్యలో ఆ ముద్ద మాత్రం దానికంటే గట్టిగా నిలిచింది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత భూఖండం ఆసియాను ఢీకొన్నాక ఆ సముద్రపు అడుగే హిమాలయంగా లేచింది. ఇప్పుడు గండకి ఎగువ పాయ కాళీగండకి ఆ కొండల్ని కోస్తుంటే పలకరాయి పొడై కొట్టుకుపోతుంది, గట్టి ముద్దలు దొర్లి దొర్లి నున్నబడి ముక్తినాథ్ దిగువన కాగ్‌బేని దగ్గర ఏటి ఒడ్డున తేలుతాయి. సముద్రజీవి గుల్ల దాదాపు 3,000 మీటర్ల ఎత్తున దొరకడానికి కారణం ఇదే.

మన పురాణం చెప్పేది వజ్రకీటం కథ. వజ్రంలాంటి కోరలున్న పురుగు రాతిని తొలిచి చక్రం చెక్కిందని. ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ చక్రం ఉలి పని కాదు, ఏటి నీళ్ల పనీ కాదు, ఒక ప్రాణి చేసిందే అని భూగర్భశాస్త్రం పుట్టకముందే చెప్పినవాళ్లు రాతిని ఎంత దగ్గరగా చూసి ఉంటారు! తేడా ఉన్నదల్లా వరసలోనే. కథలో రాయి ముందు, పురుగు తర్వాత. నిజానికి గుల్ల ముందు, దాని చుట్టూ రాయి తర్వాత. ఈ తేడా చెప్పినందువల్ల పూజకు లోటేమీ రాదు. సాలగ్రామానికి ప్రాణప్రతిష్ఠ అక్కర్లేదనీ, విష్ణు సాన్నిధ్యం సహజంగానే ఉంటుందనీ భక్తుల నమ్మకం. సాన్నిధ్యాన్ని కొలిచే పరికరం ఏ ల్యాబులోనూ లేదు, ఉందని ఏ భూగర్భశాస్త్రవేత్తా అనడు. పెట్టెలో వచ్చే కార్డు మాత్రం అంటుంది.

కార్డుల మీద తరచూ కనిపించే మాటలు మూడు. మొదటిది, "భూమిపై పుట్టిన తొలి జీవి". తప్పు. భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. జీవం ఉందనడానికి బాగా నమ్మదగిన ఆనవాళ్లు పశ్చిమ ఆస్ట్రేలియా పిల్బరాలో దాదాపు 350 కోట్ల ఏళ్ల నాటి, సూక్ష్మజీవుల పొరలతో ఏర్పడిన స్ట్రొమటొలైట్ రాళ్లలో ఉన్నాయి. అమ్మోనైట్ వచ్చేసరికి అందులో తొమ్మిదింట ఎనిమిది వంతుల కాలం అయిపోయింది. అసలు పాత ప్రాణుల జాడ చూడాలనుకుంటే గండకి దాకా పోనక్కర్లేదు, కడప జిల్లా వేంపల్లె చాలు. ఆ ఊరి పేరే పెట్టిన వేంపల్లె సున్నపురాతి పొరల్లో ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు వంపు మీద వంపుగా గీతలుంటాయి. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట సూక్ష్మజీవుల జిగట పొరలు సముద్రపు రేణువుల్ని పట్టి ఉంచితే ఏర్పడిన గీతలవి. వాటిని ఎవరూ పెట్టెలో పెట్టి అమ్మరు.

రెండోది, "దశావతారాలే పరిణామ సిద్ధాంతం, సాలగ్రామమే సాక్ష్యం". చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు అన్న వరస వెన్నెముక గల ప్రాణుల పరిణామాన్ని స్థూలంగా గుర్తుచేస్తుందన్న మాటను బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా అన్నాడు. జీవం పుట్టుక మీద 1929లో పేరుపొందిన వ్యాసం రాసినవాడు, 1957లో మన దేశానికి వచ్చేసి భువనేశ్వర్‌లో కన్నుమూసినవాడు. పోలికగా అది అందమైన మాటే. సాక్ష్యంగా వాడితే మాత్రం నిలవదు. అమ్మోనైట్‌కు వెన్నెముకే లేదు, అది చేపకు తాతా కాదు. చేపలు వచ్చాక చాలా కోట్ల ఏళ్లకు గానీ ఈ వంశం రాలేదు. అలాగే కల్పం లెక్క. మన పంచాంగాల ప్రకారం శ్వేతవరాహ కల్పంలో ఇప్పటికి గడిచింది సుమారు 197 కోట్ల ఏళ్లు. భూమి వయసు 454 కోట్లు. ఈ రెంటినీ బలవంతంగా కలపాలని చూస్తే లెక్కా చెడుతుంది, సంకల్పమూ చెడుతుంది. కానీ రోజూ "శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే" అంటూ కోట్ల ఏళ్లను నోటితో పలికి పూజకు కూర్చునేవాళ్లకు, చేతిలో రాయి వయసు 15 కోట్ల ఏళ్లంటే ఉలికిపాటు ఎందుకు? ఆ సంఖ్యకు చోటున్న పూజే ఇది.

మూడోది, "ల్యాబ్ పరీక్షలో దివ్యశక్తి నిర్ధారణ". ల్యాబు చెప్పగలిగేది ఇది ఏ రాయి, ఏ ఖనిజాలున్నాయి, రంగు వేశారా, లోపల ఉన్నది శిలాజమేనా అన్నంతవరకే. శిలాజాలు తెలిసినవాళ్లు చూస్తే జాతి కూడా చెప్పొచ్చు. ఏ మూర్తి అన్నది లక్షణ గ్రంథం తెలిసిన పెద్దలు చెప్పాలి. ఈ రెండు పనులూ ఒకే కార్డు చేస్తానంటే అది దేనికీ పనికిరాదు.

ఇక రాయి. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి. నకిలీలు ప్రధానంగా మూడు రకాలు: రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పోతపోసినవి, మామూలు నల్లరాతి మీద మిషన్‌తో చక్రం చెక్కినవి, వేరే చోటి అమ్మోనైట్లు.

పోతవి బరువుతో పట్టుబడతాయి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు, 1 గ్రాము దాకా చూపిస్తే మంచిది. ముందు పొడి రాయిని తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేయండి. రాయికి సన్నటి దారం కట్టి, పూర్తిగా మునిగేట్టు, అడుగుకూ అంచుకూ తగలకుండా వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపే గ్రాములే రాయి ఘనపరిమాణం, సీసీల్లో. మొదటి అంకెను రెండోదానితో భాగించాలి. ఉదాహరణకు పొడిగా 214, నీళ్లలో వేలాడదీసినప్పుడు 80 వస్తే 2.68. గండకి రాయి 2.6 నుంచి 2.8 మధ్య రావాలి. ఉత్త రెజిన్ అయితే 1.2 దగ్గర ఆగుతుంది, రాతిపొడి కలిపితే 2 దాకా వెళ్తుంది, సిమెంటు పోత 2 నుంచి 2.4. ఒక్కోసారి 3 దాటుతుంది, అది తప్పు కాదు, లోపల పైరైట్ అనే బరువైన ఇనుప ఖనిజం ఎక్కువుందని అర్థం. లెక్క తేడాగా వస్తే మొదట చూడాల్సింది రాయికి అంటుకున్న గాలి బుడగలు. దారం పట్టి రెండు సార్లు కదిపి, బుడగలు పోయాక మళ్లీ చూడండి. ద్వారం ఉన్న సాలగ్రామంలో లోపలి బోలులో గాలి నిలుస్తుంది కాబట్టి దాన్ని ద్వారం పైకి ఉండేట్టు ముంచాలి. కొందరు ఎర్రగా కాల్చిన సూది గుచ్చమంటారు. రెజిన్ కాలి వాసన వస్తుంది, నిజమే. కానీ మచ్చ పడ్డ రాయిని దుకాణం వెనక్కి తీసుకోదు. త్రాసుతో పని అవుతుంటే సూది ఎందుకు?

చెక్కినవి బరువుతో దొరకవు. మన నల్ల కడప బండ కూడా 2.7 దగ్గరే ఉంటుంది. వీటిని కంటితోనే పట్టాలి, అందుకు ఆ జీవి ఎలా పెరిగిందో తెలియాలి. పండక్కి ఒత్తే జంతికను తలుచుకోండి. గిద్దెలోంచి వచ్చింది కాబట్టి మధ్య నుంచి చివరి దాకా ఒకే లావు. అమ్మోనైట్ గుల్ల అలా ఉండదు. జీవి పెరిగే కొద్దీ ముందుకు జరిగి మునుపటి కంటే పెద్ద గది కట్టుకుని, వెనక గదికి గోడ వేసుకుంటూ పోయింది. అందువల్ల లోపలి చుట్టు సన్నం, బయటి చుట్టు లావు. ఫోన్ టార్చిని రాతికి పక్కగా, దాదాపు ఒరిగించి వేసి, 10 రెట్ల భూతద్దంతో చూడండి. బయటి అంచున ఒక గాడి పట్టుకుని అగ్గిపుల్ల మొనతో వెంబడిస్తే పుల్ల ఎత్తకుండా మధ్య దాకా చేరాలి. ఒకదానిలో ఒకటి మూసుకున్న వలయాలుగా ఉండి, పుల్ల తిరిగి బయల్దేరిన చోటికే వస్తే అది మిషన్ పని. చుట్టు మీద అడ్డంగా గట్లుంటాయి. గండకి అమ్మోనైట్లలో చాలావాటికి లోపలి అంచు దగ్గర ఒక్కటిగా మొదలైన గట్టు బయటికి వచ్చేసరికి రెండుగా చీలుతుంది. చెక్కేవాడు ఈ చీలిక పెట్టడు, గడియారం ముల్లు గీతల్లా సమదూరంలో గీసుకుపోతాడు. గుల్ల అరిగిపోయి లోపలి పోత బయటపడ్డ రాళ్లలో ఇంకో అద్భుతం కనిపిస్తుంది. గది గోడలు గుల్లకు అతుక్కున్న చోట కొత్తిమీర ఆకు అంచులాంటి వంకర గీత. అది కనబడితే ఇక సందేహం వద్దు. ఆ గీతను ఇంత సన్నగా చెక్కి ఈ ధరకు అమ్మడం ఎవరివల్లా కాదు.

ఉలి తగలకూడదన్నది భూగర్భశాస్త్రం పెట్టిన షరతు ఒక్కటే కాదు, సంప్రదాయం పెట్టింది కూడా. ఐదుగురు దేవతల్ని కలిపి కొలిచే పంచాయతన పూజలో గండకి సాలగ్రామం, నర్మదా బాణలింగం, శోణభద్ర గణపతి, మన స్వర్ణముఖి అంబిక, స్ఫటిక సూర్యుడు ఉంటాయి. అవన్నీ దొరికిన రూపంలోనే పూజించాల్సినవి. కాబట్టి చక్రం చెక్కిన రాయి భూగర్భశాస్త్రం లెక్కలోనూ పోతుంది, పూజ లెక్కలోనూ పోతుంది.

మూడో రకంలో ఈ రెండు లెక్కలూ విడిపోతాయి. గోధుమ, తేనె రంగుల్లో, అద్దంలా పాలిష్ చేసి, సగానికి కోసి గదులు కనిపించేట్టు అమ్మేవి చాలావరకు మడగాస్కర్ అమ్మోనైట్లు. నిఖార్సైన శిలాజాలు, చూడ్డానికి ఎంతో బాగుంటాయి. పిల్లలకు చూపించడానికి ఇంట్లో పెట్టుకోదగ్గవి. కచ్‌లోనూ, తమిళనాడు అరియలూరు ప్రాంతంలోనూ అమ్మోనైట్లు దొరుకుతాయి. కానీ సాలగ్రామం అనాలంటే గండకిలో దొరకాలి. "శాస్త్రీయంగా అసలైనది" అన్న మాట ఇక్కడ అబద్ధం కాదు, అయినా మోసమే. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. గండకి ఒడ్డున దొరికిన నున్నటి నల్లరాయి, పైకి చక్రం లేదు, ద్వారం లేదు. దాన్నీ ఆరాధించే సంప్రదాయాలున్నాయి. అందులో శిలాజం లేదని ల్యాబు చెప్పినా వాళ్ల పూజ తప్పనలేం. 2023లో నేపాల్ నుంచి అయోధ్యకు తెచ్చిన పెద్ద శిలల్ని జనం సాలగ్రామ శిలలనే పిలిచారు, దండం పెట్టారు. కొనేటప్పుడు తేల్చుకోవాల్సింది ఒక్కటే: మీకు కావాల్సింది గండకి రాయా, చక్రమున్న గండకి రాయా, అమ్మోనైటా? మూడూ వేరు, మూడింటి ధరా వేరుగానే ఉండాలి.

మరో చిన్న కిటుకు. ముద్దను పగలగొడితే ఒక సగంలో గుల్ల ఉబ్బెత్తుగా, రెండో సగంలో దాని అచ్చు గుంటగా వస్తుంది. రెండింటినీ వేర్వేరు మూర్తులుగా అమ్ముతుంటారు. జత కొంటే ఒకదానిలో ఒకటి కూర్చుంటుందేమో పెట్టి చూడండి. కూర్చుంటే అది ఒకే సాలగ్రామం, ఒకటికే దక్షిణ ఇవ్వండి.

ఈ బేరం మనకే కొత్త కాదు. ఇంగ్లండులోని విట్బీలో అమ్మోనైట్లు దండిగా దొరుకుతాయి. 7వ శతాబ్దపు సన్యాసిని సెయింట్ హిల్డా పాముల్ని రాళ్లుగా మార్చిందని అక్కడి కథ. తల లేని పాములేమిటని కొనేవాళ్లు అడుగుతారని అమ్మేవాళ్లు రాతికి పాము తల చెక్కి అమ్మేవారు. తర్వాత శాస్త్రజ్ఞులు ఆ ప్రాంతపు ఒక అమ్మోనైట్‌కు హిల్డోసెరాస్ అని ఆమె పేరే పెట్టుకున్నారు. అమ్మోనైట్ అన్న మాటే ఈజిప్టు దేవుడు అమ్మోన్ పొట్టేలు కొమ్ముల నుంచి వచ్చింది. కథనూ రాయినీ చెడగొట్టింది విశ్వాసమూ కాదు, శాస్త్రమూ కాదు, ఆ చెక్కిన తల.

పెట్టెలో మిగతావి. గోమతీ చక్రం సముద్రపు నత్త తన గుల్లకు వేసుకునే మూత, చవగ్గా దొరుకుతుంది, దాని కోసం సెట్టు ధర పెంచనివ్వకండి. కొన్ని సెట్లలో వచ్చే ద్వారకా శిల పగడపు రాయి, తెల్లగా బొరియలతో ఉంటుంది, సాలగ్రామంతో కలిపి పూజించడం ఆచారం కాబట్టి కావాలంటే తీసుకోవచ్చు. సీసాలో గండకీ జలం శుద్ధి చేయని ఏటి నీరు. ప్రోక్షణకు సరే, తీర్థంగా తాగొద్దు. రాగి పళ్లెంలో నీళ్లతో అభిషేకం చేయండి. పాలు, పెరుగు కలిసిన పంచామృతం మాత్రం రాగిలో పోయకూడదని పెద్దలు ఎప్పుడూ చెప్పేదే, పులుపు రాగిని కరిగిస్తుంది. దానికి వెండిదో స్టీలుదో వాడండి.

ఇంటికి వచ్చాక రాయిని పాడుచేసేవి రెండు, పులుపూ తేమా. తెల్లటి గీతలుంటే అవి చాలావరకు కాల్సైట్ అనే సున్నపు ఖనిజం. పెరుగు, నిమ్మరసం వాటిని మెల్లగా తింటాయి. పంచామృతం పోశాక నానబెట్టకుండా వెంటనే మంచినీళ్లతో కడిగేయండి. బంగారు చుక్కలు, గీతలు మెరిస్తే, "స్వర్ణ సాలగ్రామం" అని ఎక్కువ ధర అడిగితే, అది బంగారం కాదు. పైరైట్, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. ఆక్సిజన్ అందని సముద్రపు బురదలో పుట్టింది. ఇప్పుడు తేమగాలి తగిలితే తిరగబడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇది తొందరగా జరుగుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే వేగం పెరుగుతుంది. ముందు మెరుపు మసకబారుతుంది, తర్వాత తెల్లగానో పసుపుగానో పొడి రాలుతుంది, గంధకం వాసన వస్తుంది, చివరికి రాయి పగుళ్లిస్తుంది. ఆ పొడిలో ఆమ్లం ఉంటుంది. అది కనబడిన రోజు నుంచి ఆ రాయి కడిగిన నీళ్లు తీర్థంగా ఇవ్వకండి. ఇలాంటి రాయికి రోజూ అభిషేకం మాని, తులసిదళం పెట్టి పూజ చేసుకోవచ్చు. నీళ్లు పోసిన రోజు నూలు గుడ్డతో తుడిచి, ఫ్యాన్ గాలికి నీడలో ఆరబెట్టి, మూత గట్టిగా పట్టే పెట్టెలో రెండు సిలికాజెల్ పొట్లాలతో ఉంచండి. పొట్లాల్ని నెలకోసారి మార్చాలి. నెయ్యి, నూనె రాస్తే నల్లగా నిగనిగలాడుతుంది కానీ తేమ ఆగదు, పైగా లోపలి పగుళ్లు కనిపించకుండా పోతాయి.

ఆర్డరు పెట్టే ముందు అమ్మేవాళ్లను నాలుగు అడగండి: పక్క వెలుతురులో తీసిన ఫొటో, స్కేలు పక్కన పెట్టి రెండు వైపుల ఫొటోలు, త్రాసు మీద పొడి బరువు, నీళ్లలో వేలాడదీసిన వీడియో. అసలు సరుకున్నవాళ్లకు ఇది పది నిమిషాల పని. "పవిత్ర వస్తువు, అలా తూచం" అని జవాబొస్తే ఇంకో చోట చూసుకోండి.

ఒకవేళ ఇంట్లో రాయి జారిపడి రెండైతే, భయపడి ఏట్లో కలపనక్కర్లేదు. చక్రం ఉన్నంతవరకు పగిలిన సాలగ్రామానికీ దోషం లేదన్నది సంప్రదాయమే. ఫెవిక్విక్ పెట్టకండి, తెల్లటి పొగ మచ్చలు పడతాయి, మళ్లీ ఊడదీయడం కష్టం. మ్యూజియంలలో వాడే పారలాయిడ్ బి-72 లాంటి జిగురైతే తర్వాత అసిటోన్‌తో విప్పుకోవచ్చు. అతికించే ముందు ఒకసారి ఆ రెండు ముక్కల్ని వెలుతురులో పెట్టి చూడండి. లోపల 15 కోట్ల ఏళ్లుగా ఎవరి కంటా పడని చుట్టు ఉండొచ్చు.